పక్షుల పండితుడు సలీం అలీ

మన పెన్షనర్లకు నవంబరు అనగానే లైఫ్ సర్టిఫికెట్ గుర్తుకు వస్తుంది. బతికే ఉన్నామని ఏటేటా సర్కారుకు చెప్పుకోవలసిన నెల అది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన జలాశయాలకు కొందరు అతిథులు వస్తారు. మంగోలియా, టిబెట్టు ప్రాంతాల నుంచి హిమాలయాలు దాటి, తలమీద రెండు నల్ల చారలున్న బూడిదరంగు బాతులు పోచారం వంటి చెరువుల్లో దిగుతాయి. ఆ అతిథుల లెక్క రాయడమే జీవితంగా పెట్టుకున్న డాక్టర్ సలీం అలీ పుట్టింది కూడా నవంబరులోనే, 1896 నవంబరు 12న. ఆయన కన్నుమూసి ముప్పై ఏళ్ళు దాటింది. దేశమంతటా పక్షుల ప్రేమికులు ఆయన పుట్టినరోజును ఇప్పటికీ జరుపుకుంటున్నారు.

పెన్షనర్ల పత్రికలో పిట్టల కథ ఏమిటని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. చెరుకు, నీళ్ళు, ఫ్యాక్టరీ, పే రివిజన్, డి.ఎ. బకాయిలు మనకు తెలిసిన సంగతులు. అయితే సలీం అలీ జీవితం చదువుతూ పోతే, అడవి పక్కన, చెరువు పక్కన బతికే పేదవాడి కూడు గురించిన ప్రశ్న ఒకటి పదేపదే ఎదురవుతుంది. పిట్టను కాపాడాలంటే మనిషిని దూరం పెట్టాలా, దగ్గరకు తీయాలా? ఈ ప్రశ్న ఇప్పుడు మన జిల్లాకూ వచ్చింది. అందుకే ఈ వ్యాసం.

బాల్యం

సలీం అలీ బొంబాయిలో ఒక బోహ్రా ముస్లిం కుటుంబంలో పుట్టారు. ఇంట్లో పిల్లలందరిలోకి చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రి పోయారు, మూడేళ్ళకు తల్లి పోయింది. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, మేనత్త హమీదా బేగం ఆ పిల్లలను తమ ఇంటికి తెచ్చుకుని పెంచారు. మేనమామకు వేట సరదా ఉండేది. ఆయన ఇచ్చిన ఎయిర్ గన్‌తో పిచ్చుకలను కొట్టడం ఈ కుర్రవాడి ఆట.

ఒకనాడు కొట్టిన పిచ్చుక గొంతు కింద పసుపు మచ్చ కనిపించింది. ఇంటి చూరులో తిరిగే మామూలు పిచ్చుక కాదది. తినవచ్చో లేదో అనే అనుమానంతో పిల్లవాడు దాన్ని మేనమామ దగ్గరకు తీసుకుపోయాడు. ఆయనకూ తెలియలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దొరకు ఒక ఉత్తరం రాసిచ్చి పంపారు. దొరను చూడగానే పిల్లవాడికి కాళ్ళు వణికాయట. కాని మిల్లార్డ్ కసురుకోలేదు. ఆ పిట్ట పేరు చెప్పారు, బీరువాలు తెరిచి, గడ్డి కూరి భద్రపరిచిన వందల పిట్టలను చూపించారు, చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చారు. తెలియని పిల్లవాడికి ఒక అధికారి తీరికగా పది నిమిషాలు మాట్లాడడం ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. కౌంటర్ల ముందు, కౌంటర్ల వెనక జీవితం గడిపిన మనకు దీని విలువ తెలుసు.

చదువులో సలీం అలీ గట్టివాడు కాదు. లెక్కలంటే భయం. మెట్రిక్యులేషన్ అతికష్టం మీద 1913లో గట్టెక్కారు. అన్నగారి గనుల వ్యాపారం, కలప వ్యాపారం చూసుకోమని బర్మాలోని టవాయ్ పట్టణానికి పంపితే అక్కడి అడవుల్లో పిట్టల వెంట తిరిగారు. వ్యాపారం కలిసిరాలేదు. బొంబాయి తిరిగివచ్చి కామర్సు చదివారు, దానితోపాటే సెయింట్ జేవియర్స్ కాలేజీలో జంతుశాస్త్రం కూడా నేర్చుకున్నారు. 1918లో తెహ్మీనా బేగంతో వివాహమైంది. భర్తకు లాభనష్టాల పద్దు మీద మనసు లేదని, పిట్టల పద్దు మీదే ఉందని గ్రహించి, ఆ దారినే పొమ్మని ప్రోత్సహించిన ఇల్లాలు ఆమె.

ఉద్యోగం పోయిన మనిషి

1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. వచ్చిన సందర్శకులకు, విద్యార్థులకు జంతువుల గురించి వివరించి చెప్పే పని. రెండేళ్ళకే తనకు తెలిసింది చాలదనిపించి, 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్ళారు. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే మహా పండితుని దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. యూనివర్సిటీ డిగ్రీ లేనివాడని స్వదేశంలో కొందరు చిన్నచూపు చూసిన ఈ మనిషిని ఆ జర్మన్ ఆచార్యుడు ఆదరించారు.

1930లో తిరిగివచ్చేసరికి ఆ పోస్టే లేదు. నిధులు లేవని రద్దు చేశారు. పై చదువుకు సెలవు పెట్టి వెళ్ళి, వచ్చేసరికి కుర్చీ మాయమైన బాధ ఎలాంటిదో మన సభ్యులలో కొందరికైనా అనుభవమే. వయసు ముప్పై నాలుగు. చేతిలో చదువుంది, జీతం లేదు. భార్యాభర్తలు బొంబాయి ఖర్చులు తట్టుకోలేక సముద్రానికి అవతల అలీబాగ్ దగ్గర కిహిమ్ అనే పల్లెకు వెళ్ళి తెహ్మీనా పుట్టింటివారి ఇంట్లో ఉన్నారు.

ఆ ఇంటి దగ్గర చెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు కట్టాయి. మన బోధన్ వైపు ఈత చెట్లకు, బావుల మీదికి వంగిన కొమ్మలకు వేలాడే గూళ్ళే అవి. వానాకాలమంతా ఆ గూళ్ళ కింద కూర్చుని చూస్తూ సలీం అలీ గంటగంటకూ రాసుకున్నారు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆపుతాడు. ఆడపిట్ట వచ్చి లోపల తిరిగి పరీక్షిస్తుంది. నచ్చితే కాపురం పెడుతుంది, నచ్చకపోతే ఎగిరిపోతుంది. కాపురం కుదిరాక మగవాడు మిగతా గూడు పూర్తిచేసి, పక్కనే రెండో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్ట కోసం చూస్తాడు. మన పల్లెల్లో తాతముత్తాతల కాలం నుంచి చూస్తున్న గూటి వెనక ఇంత కథ ఉందని ఆ నిరుద్యోగి పరిశీలన వల్ల లోకానికి తెలిసింది. 1931లో ఆ వ్యాసం అచ్చయి ఆయనకు పేరు తెచ్చింది.

హైదరాబాదు రాజ్యంలో

పేరు వచ్చినా ఉద్యోగం రాలేదు. అప్పుడు ఆయన ఒక ఉపాయం ఆలోచించారు. బ్రిటిష్ ఇండియాలో పక్షుల లెక్కలు కొంతవరకు జరిగాయి, సంస్థానాల్లో మాత్రం చాలాచోట్ల జరగలేదు. తనకు జీతం అక్కరలేదని, ప్రయాణం, మకాం ఖర్చులు భరిస్తే సంస్థానాల్లో పక్షుల సర్వే చేసిపెడతానని అన్నారు. అంటే టి.ఎ. ఇస్తే చాలు, పే వద్దని అడిగిన మనిషి. దానికి ముందుగా ఒప్పుకున్నవాటిలో మన హైదరాబాదు సంస్థానం ఒకటి. 1931-32లో ఆ సర్వే జరిగింది. తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ సంస్థానాల్లోనూ ఆయన పనిచేశారు.

ఇక్కడ మన జిల్లావాళ్ళు గమనించవలసిన తేదీ ఒకటి ఉంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ పూర్తయింది కూడా 1931లోనే. ఒకే సంస్థానంలో ఒకే ఏడు ఒక ఇంజనీరు నదిని ఆపి సుమారు 2.75 లక్షల ఎకరాలకు నీళ్ళ దారి వేశారు, జీతం లేని ఒక పండితుడు అడవుల్లో గుడారం వేసుకుని పిట్టల జాబితా రాశారు. ఆ నీటివల్ల వరి వచ్చింది, చెరుకు వచ్చింది, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ నీరే లక్షల పక్షులకూ మేతచోటు అయింది. ఇంజనీరు రాసిన లెక్క మనకు బాగా తెలుసు, పండితుడు రాసిన లెక్క సంగతి మనలో చాలామంది వినలేదు.

ఆ సర్వేల్లో తెహ్మీనా కూడా వెంట తిరిగారు. పట్నంలో పెరిగిన ఆ ఇల్లాలు గుడారాల్లో కాపురం చేసి, వంట, సామాను, కూలీల లెక్క అంతా చూసుకున్నారు. తెల్లవారకముందే సలీం అలీ అడవిలోకి వెళ్ళేవారు. ఆ రోజుల్లో పిట్టను పరీక్షించడమంటే కాల్చి, చర్మం ఒలిచి, చీటీ కట్టి భద్రపరచడమే. ఆయనా అలాగే చేశారు. కాని చచ్చిన పిట్ట కొలతలతో ఆయన తృప్తిపడలేదు. ఏం తింటున్నది, ఎక్కడ గూడు కడుతున్నది, ఏ నెలలో వస్తున్నది, ఏ నెలలో పోతున్నది అన్నీ రాసుకున్నారు. హైదరాబాదు సర్వే వివరాలు 1933, 1934 సంవత్సరాల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా అచ్చయ్యాయి. ఎనభై తొంభై ఏళ్ళ కిందట మన ప్రాంతంలో ఏ పిట్టలుండేవో, ఇప్పుడు ఏవి తగ్గాయో పోల్చి చూసుకోవడానికి నేటికీ ఆ రికార్డే ఆధారం. పాత ఫైలు పారేయకుండా బీరువాలో పెట్టినవాడి విలువ ఎప్పుడు తెలుస్తుందో మనవాళ్ళకు చెప్పనక్కరలేదు.

1939లో తెహ్మీనా ఒక చిన్న ఆపరేషన్ తర్వాత కన్నుమూశారు. పిల్లలు లేరు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు లేని లోటు ఆయనకు లేదు గాని ఇల్లు లేని లోటు వచ్చింది, దాన్ని అక్కాబావలు తీర్చారు. వారింట ఉంటూ తన పని కొనసాగించారు. 1941లో భారతదేశపు పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం వచ్చింది. పండితులకే గాక మామూలు మనిషికి కూడా బొమ్మ చూసి పిట్టను గుర్తుపట్టే వీలు దానివల్ల కలిగింది. జవహర్‌లాల్ నెహ్రూ జైల్లో ఉండగా ఆ పుస్తకాన్ని కుమార్తె ఇందిరకు పంపారు. ఆ తర్వాత అమెరికా పండితుడు డిల్లన్ రిప్లీతో కలిసి 1968 నుంచి 1974 వరకు పది సంపుటాల మహా గ్రంథం వెలువరించారు. మొదటి సంపుటం వచ్చేనాటికి ఆయన వయసు డెబ్బై రెండు. రిటైరైనవాళ్ళకు ఇక పనేముందని అనేవాళ్ళకు ఇది జవాబు.

పట్టేవాళ్ళ చేతికే పని

1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి, మనుషులకు జ్వరాలు వచ్చాయి. ఆ రోగం వలస పక్షుల ద్వారా వచ్చిందేమోనని అనుమానించారు. పక్షులు ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నాయో తెలియాలంటే వాటిని ప్రాణాలతో పట్టి, కాలికి నంబరున్న చిన్న కడియం తొడిగి వదలాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో సలీం అలీ ఈ పని పెద్దయెత్తున చేపట్టారు.

వేల పిట్టలను ఈక కూడా రాలకుండా పట్టడం ఎవరికి చేతనవుతుంది? డిగ్రీలున్నవాళ్ళకు చేతకాదు. బీహారులో మీర్ శికార్లు అనే సంప్రదాయ పిట్టల వేటగాళ్ళున్నారు. తరతరాలుగా వలలు పన్ని పిట్టలను పట్టి సంతలో అమ్ముకుని బతికే పేదలు. సలీం అలీ వాళ్ళను దొంగలుగా చూడలేదు, పిలిచి పని ఇచ్చారు. పిట్ట గొంతును అనుకరించి పిలవడం, అది నడిచే దారి కనిపెట్టడం, వల ఎప్పుడు లాగాలో తెలియడం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. అదే విద్యతో పట్టిన పిట్టకు కడియం వేసి వదిలితే కూలి దొరికింది. మునుపు పిట్ట చస్తే కూడు, ఇప్పుడు పిట్ట ఎగిరితే కూడు. వన్యప్రాణి సంరక్షణ, గ్రామీణుల జీవనోపాధి అని ఇవాళ సభల్లో మాట్లాడే మాటకు అసలు అర్థం ఇక్కడ ఉంది.

భరత్‌పూర్ పాఠం

సలీం అలీ పేరుతో కలిసి చెప్పుకునే చోటు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేల. అది సహజంగా ఏర్పడింది కాదు. మహారాజులు బాతుల వేట కోసం కాలువల నీరు మళ్ళించి తయారుచేసిన మడుగు. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వేటకు వచ్చిన ఒక్క రోజున నాలుగు వేలకు పైగా పక్షులను కాల్చారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నేలను ఎండగట్టి సాగుకు ఇవ్వాలని చుట్టుపక్కల గ్రామాలవారు కోరారు. సలీం అలీ నెహ్రూ దాకా వెళ్ళి దాన్ని నిలబెట్టారు. 1956లో అది పక్షుల సంరక్షణ కేంద్రమైంది. 1982లో జాతీయ పార్కు అయింది, 1985లో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేరింది.

అయితే జాతీయ పార్కు అంటే లోపల పశువులు మేయకూడదు. పశువుల మేత వల్ల పార్కు పాడవుతుందని సలీం అలీ కూడా నమ్మి, మేత ఆపాలని సలహా ఇచ్చినవారే. 1982 నవంబరులో గేట్లు మూశారు. తరతరాలుగా బర్రెలను అక్కడే మేపుకున్న గ్రామస్తులు తిరగబడ్డారు. పోలీసులు కాల్పులు జరిపారు. గ్రామస్తులు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పిట్టల కోసం మనుషులు చచ్చిన సంఘటన అది. ఆయన జీవితం రాసేవాళ్ళు దీన్ని దాటవేయకూడదు.

తర్వాత జరిగిందే అసలు పాఠం. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు 1980ల్లో పదేళ్ళపాటు ఆ పార్కును పరిశీలించారు. బర్రెలు పోయాక నీటిలో గడ్డి విపరీతంగా పెరిగి మడుగులను కమ్మేసిందని, ఈదే పక్షులకు, నీటిలో మేసే పక్షులకు చోటు తగ్గిందని తేలింది. బర్రె గడ్డి తిన్నందువల్లే నీరు తేటగా ఉండి పిట్టలు దిగేవి. అంటే పశువుల కాపరి పార్కుకు శత్రువు కాదు, జీతం లేని మాలీ. దీన్ని బయటపెట్టింది సలీం అలీ పెంచి పెద్దచేసిన సంస్థే. తమ పెద్దాయన నమ్మినదానికి విరుద్ధంగా లెక్క తేలినా దాచకుండా రాసింది. ఆడిట్ అంటే అలా ఉండాలి.

ఆ తర్వాతి కాలంలో గడ్డి కోసుకుపోవడానికి, పార్కు నిండా అల్లుకున్న సర్కారు తుమ్మను పీకి కట్టెలుగా తీసుకుపోవడానికి పక్క గ్రామాలవారికే అవకాశం ఇచ్చారు. ఇంకో మంచి ఏర్పాటు రిక్షా వాళ్ళది. పార్కులో మోటారు బండ్లు తిరిగితే పిట్టలు బెదురుతాయి. అందుకని స్థానిక సైకిల్ రిక్షా కార్మికులకు పక్షుల పేర్లు, అలవాట్లు నేర్పారు. వచ్చినవారిని రిక్షాలో ఎక్కించుకుని, నెమ్మదిగా తొక్కుతూ, ఏ కొమ్మ మీద ఏ గుడ్లగూబ కూర్చున్నదో వాళ్ళే చూపిస్తారు. బడికి సరిగ్గా పోనివాళ్ళు కూడా విదేశీయులకు పిట్టల పేర్లు ఇంగ్లీషులో చెప్పి సంసారాలు నడుపుకున్నారు. పిట్ట తగ్గితే బేరం తగ్గుతుంది కనుక కాపలాకు వేరే చెప్పనక్కరలేదు.

కలివి కోడి

మన తెలుగు నేల మీద ఇలాంటి కథే ఇంకొకటి జరిగింది. కడప జిల్లా చిట్టడవుల్లో తిరిగే కలివి కోడి అనే పిట్టను 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు లోకానికి తెలియజేశారు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. సలీం అలీకి మాత్రం ఆశ చావలేదు. ఆయన సంస్థ వెతుకులాట సాగించింది. యువ శాస్త్రవేత్త భరత్ భూషణ్ పల్లెపల్లెకూ వెళ్ళి ఆ పిట్ట బొమ్మ చూపించి అడిగారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. అది పగలు పొదల్లో దాగి రాత్రి తిరిగే పిట్ట. పుస్తకాలు చచ్చిందన్న పిట్ట బతికే ఉందని ఆ వేటగాడికి, ఆ ఊరివాళ్ళకు తెలుసు. అడిగినవాళ్ళు లేకపోయారు, అంతే.

ఆ వార్త చేరేనాటికి సలీం అలీకి ఎనభై తొమ్మిదేళ్ళు. ఆ ప్రాంతాన్ని 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. తెలుగుగంగ కాలువ ఆ పిట్ట నివాసం మీదుగా పోకుండా దారి కూడా మార్చారు.

పొలంవైపు నుంచి చూస్తే ఇంకో కోణం ఉంది. అప్పటి కర్నూలు జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. ఆ పిట్టను జాతీయ పక్షిగా ఎంపిక చేయాలని ఒకప్పుడు సలీం అలీ గట్టిగా వాదించారు, చివరకు 1963లో నెమలి ఎంపికైంది. రోళ్ళపాడులో రక్షణ దొరికాక కృష్ణజింకలు పెరిగి రైతుల చేలమీద పడ్డాయి. నష్టపోయిన రైతుకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. రైతు సహకారం సన్నగిల్లినచోట, సాగు పెరిగి గడ్డినేలలు తగ్గినచోట బట్టమేక నిలవలేకపోయింది. లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి అయితే ఏ సంరక్షణా నిలబడదు.

సలీం అలీకి 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అంతర్జాతీయ బహుమతిగా వచ్చిన పెద్ద మొత్తాన్ని పక్షుల పరిశోధన నిధికే ఇచ్చారు. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి మునగకుండా ఆపినవారిలో ఆయనా ఒకరు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు, అదే ఏడు ఆత్మకథ ప్రచురించారు. పిచ్చుక పడిపోవడమనే అర్థం వచ్చే పేరు దానికి పెట్టి, చిన్ననాటి ఎయిర్ గన్ రోజును లోకానికి గుర్తుచేశారు. 1987 జూన్ 20న తొంభై ఒకటవ ఏట బొంబాయిలో కన్నుమూశారు.

మన ఇందూరు సంగతి

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. బోధన్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళం. క్రషింగ్ సీజన్‌లో బండ్ల వరుస, బెల్లపు పాకం వాసన, సైరన్ మోత మనలో చాలామంది జ్ఞాపకాల్లో ఉన్నాయి. 2015 డిసెంబరులో అది మూతపడింది. కార్మికుల సంసారాలు చెదిరాయి, చెరుకు వేసిన రైతులు వేరే పంటలకు మళ్ళారు. ఫ్యాక్టరీకి బదులు పిట్టలు అని నేను అనడం లేదు. అంత కూలి పిట్టలు పెట్టలేవు. కాని కండ్లముందున్న ఆస్తిని లెక్కలోకి తీసుకోకపోవడం కూడా తెలివి కాదు.

ఆ ఆస్తి చిన్నది కాదు. నిజామాబాదు నుంచి బోధన్ పోయే దారిలో అలీసాగర్ ఉంది, అక్కడ జింకల పార్కు ఉంది. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోకి పోయిన నిజాంసాగర్ ఉంది. మెదక్, కామారెడ్డి సరిహద్దులో ఆలేరు వాగు మీద 1922లో పూర్తయిన పోచారం చెరువు, దాని చుట్టూ 1952లో ఏర్పడిన అభయారణ్యం ఉన్నాయి. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి అది. దుప్పులు, కడుతులు, మనుబోతులు అక్కడ తిరుగుతాయి. పైన సంగారెడ్డి దగ్గర మంజీరలో మొసళ్ళ కోసం 1978లో ప్రకటించిన అభయారణ్యం ఉంది. దిగువన రెంజల్ మండలం కందకుర్తి దగ్గర మంజీర, హరిద్ర గోదావరిలో కలిసే సంగమం ఉంది.

ఈ చోట్ల ఆదివారం నాడు జనం బాగానే వస్తారు. టికెట్టు కొంటారు, ఫోటోలు దిగుతారు, ప్లాస్టిక్ సంచులు పారేసి పోతారు. ఆ ఊరి గంగపుత్రుడికి, ముదిరాజు కుటుంబానికి, గొర్లకాపరికి దక్కేదేమిటి? ఏమీ దక్కకపోతే ఆ నీటి మీద తిరిగే పిట్టతో వాళ్ళకేం సంబంధం? తూర్పు కనుమల్లో మారేడుమిల్లి దగ్గర వలమూరు గిరిజనుల వన సంరక్షణ సమితి వచ్చినవారికి అడవిలో బస, భోజనం ఏర్పాటుచేసి ఆ ఆదాయాన్ని తామే చూసుకునే పద్ధతి నడిపింది. మన చెరువుల దగ్గర కూడా పడవ మత్స్య సహకార సంఘానికి, భోజనం మహిళా సంఘానికి, పిట్టలు చూపించే పని ఆ ఊరి చదువుకున్న కుర్రవాళ్ళకు అప్పగిస్తే ఏమవుతుంది? టికెట్టు సొమ్ములో పంచాయతీకి వాటా రాసిస్తే ఏమవుతుంది? కాపలాకు కొత్త పోస్టులు శాంక్షన్ చేయనక్కరలేదు.

ఇందులో జాగ్రత్త కూడా అవసరం. అందం కోసమని కట్ట చుట్టూ కంచె వేసి, వలలు వేసేవాళ్ళను, పశువులను తరిమితే భరత్‌పూర్ తప్పే మళ్ళీ చేసినట్టు. అడవిపంది, కోతి పంట పాడుచేస్తే రైతుకు పరిహారం త్వరగా అందాలి. అందకపోతే రోళ్ళపాడు గతే. జనం ఎక్కువై లౌడ్ స్పీకర్లు, మోటారు పడవలు వస్తే పిట్ట పోతుంది, పిట్టతో పాటే బేరం పోతుంది.

దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని మన నమ్మకం. అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. ఆ నమ్మకం మంచిదే. కాని పండుగకు ముందు పాలపిట్టలను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి వీధి వీధీ తిప్పి పైసలు అడిగే ఆచారం చాలాచోట్ల కనిపించింది. చట్టం ప్రకారం అది నేరం. పొలంలో పురుగులు తిని రైతుకు మేలుచేసే ఆ పిట్ట పంజరంలో ఎక్కువ రోజులు బతకదు. పట్టేవాడిని పోలీసులకు అప్పగించడం ఒక మార్గం. సలీం అలీ మీర్ శికార్లతో చేసిన పని రెండో మార్గం. పాలపిట్ట ఏ తీగ మీద వాలుతుందో, ఏ తొర్రలో గుడ్లు పెడుతుందో ఆ మనిషికి తెలిసినంతగా మనకెవరికీ తెలియదు. పండుగనాడు జనాన్ని పొలంగట్టుకు తీసుకుపోయి ఎగిరే పాలపిట్టను చూపించినందుకు అతనికి పది రూపాయలు ఎక్కువ ఇస్తే, మనకు శుభమూ దక్కుతుంది, అతనికి కూడూ దక్కుతుంది.

పెన్షనర్ మిత్రులకు నా మనవి ఒకటే. మనకు తీరిక ఉంది, నలుగురిలో మాటకు విలువ ఉంది, దరఖాస్తు ఎవరికి ఎలా రాయాలో తెలుసు. ఈ చలికాలంలో మనుమలను, మనుమరాళ్ళను తీసుకుని ఏదో ఒక చెరువు కట్టకు పొద్దున్నే వెళ్ళండి. వెంట ఆ ఊరి మనిషిని ఒకరిని పిలుచుకుని, అతను చెప్పే పేర్లు రాసుకుని, అతని పొద్దుకు తగిన డబ్బు ఇవ్వండి. గ్రామసభలో, మండల సమావేశంలో చెరువు ఆదాయంలో ఊరి వాటా గురించి అడగండి. పిల్లవాడు తెలియని పిట్టను చూపించి ఇదేమిటి తాతా అంటే కసురుకోకుండా, తెలిసినవారి దగ్గరకు తీసుకుపోండి. మిల్లార్డ్ దొర చేసింది అంతే కదా.